ప్రోటాన్ల దెబ్బకు పింగాణీ దూది!

మొన్న జూన్‌లో మా చిన్నమ్మ కొడుకును బండి మీద ఎక్కించుకుని హనుమకొండ నుంచి రామప్ప గుడికి వెళ్లాను. వాడికి ఆ వారం ఒకటే టెన్షన్. జేఈఈ ర్యాంకుకు ఎన్‌ఐటీ వరంగల్‌లో మెటలర్జీ వచ్చేలా ఉంది. ఇంకోపక్క ఓ ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు రెడీగా ఉంది. ఇంట్లో అందరూ కంప్యూటర్సే అంటున్నారు. వీడికేమో చిన్నప్పటి నుంచి గేటు ముందు నుంచే చూస్తూ పెరిగిన ఎన్‌ఐటీని వదలబుద్ధి కావట్లేదు.

గుడి దగ్గర ఓ గైడ్ శిఖరం వైపు చెయ్యి చూపించి అందరికీ చెప్పే మాటే మాకూ చెప్పాడు. ఆ శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయట. నిజమే. 1213 నాటి ఈ గుడిలో, రేచర్ల రుద్రుడి కాలపు పనివాళ్లు శిఖరానికి మామూలు ఇటుక వాడలేదు. లోపలంతా సన్నటి ఖాళీలుండే, నీటికంటే తేలికైన ఇటుకను కాల్చారు. కింద రాతి స్తంభాల మీద బరువు తగ్గాలని. పునాది గుంతలో ఇసుక నింపారు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఈ గుడి ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడి ఉంది.

తిరిగొచ్చేటప్పుడు చాయ్ దగ్గర ఆగితే వాడు అడిగాడు: "అన్నా, మెటలర్జీ తీసుకుంటే ఏం చేస్తరు? ఇనుము కరగబెట్టుడేనా?"

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. పొద్దున లేస్తే కోడ్, రాత్రి పడుకునేదాకా కాల్స్. వాడికి చెప్పడానికి సొంత అనుభవం ఏమీ లేదు. కానీ కొన్నాళ్లుగా నేను ఆసక్తిగా ఫాలో అవుతున్న ఓ సంగతి గుర్తొచ్చింది. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఫిజిక్స్ ప్రయోగాల్లో కొన్నింటికి ఇప్పుడు అడ్డుపడుతున్నది కంప్యూటర్లు కాదు, కరెంటు కాదు. మీటరు అటూ ఇటూ పొడవుండే ఓ ముక్క. దాన్ని ఏ మెటీరియల్‌తో చేయాలన్నదే ప్రశ్న. దానికి ఒక జవాబు రామప్ప ఇటుకకు దూరపు చుట్టంలా ఉంటుంది. పింగాణీతో చేసిన దూది అది.

అసలు టార్గెట్ అంటే ఏంటి?

పార్టికల్ యాక్సిలరేటర్ అంటే కణాలను దాదాపు కాంతి వేగం దాకా ఉరికించే యంత్రం. అమెరికాలో షికాగో పక్కన ఫెర్మీల్యాబ్ అని ఒకటుంది. అక్కడ ప్రోటాన్లను వేగంగా తిప్పి, ఒక కట్టగా చేసి, ఓ ముక్క మీదికి వదులుతారు. ఆ ముక్కే టార్గెట్. ఇప్పుడు ఎక్కువగా గ్రాఫైట్ వాడుతున్నారు. మన పెన్సిల్ మొనలో ఉండేదే, కాకపోతే బాగా శుద్ధమైన, గట్టి రకం.

ప్రోటాన్లు వెళ్లి గ్రాఫైట్‌ను గుద్దుకోగానే పయాన్లు అనే కణాలు చిమ్ముతాయి. వాటిని అయస్కాంత కొమ్ములతో ఒక దారిలోకి మళ్లిస్తారు. పొడవాటి గొట్టంలో పోతూ పోతూ అవి విడిపోయి న్యూట్రినోలు పుడతాయి. మిగతా కణాలన్నింటినీ ముందున్న రాయి ఆపేస్తుంది. న్యూట్రినోలు మాత్రం రాయిని లెక్కచేయవు. నేరుగా భూమి లోపలి నుంచి దూసుకుపోతాయి.

ఈ న్యూట్రినోలు మనకు కొత్తేం కాదు. సూర్యుడి నుంచి వచ్చేవి ప్రతి సెకనుకూ మీ బొటనవేలి గోరంత చోటులోంచి దాదాపు 6,500 కోట్లు దూరిపోతున్నాయి. ఇది చదువుతున్నప్పుడు కూడా. వాటికి మీ వేలు ఉన్నట్టే తెలీదు. అందుకే వాటిని పట్టుకోవడం అంత కష్టం. పట్టుకోవాలంటే రెండే మార్గాలు. డిటెక్టర్ చాలా పెద్దదిగా కట్టాలి, లేదా న్యూట్రినోలను చాలా ఎక్కువగా పుట్టించాలి. నిజానికి రెండూ చేస్తున్నారు. రెండోది చేయాలంటే టార్గెట్ మీదికి ఇంకా ఎక్కువ ప్రోటాన్లు పంపాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒక్క దెబ్బ ఎంత గట్టిగా ఉంటుంది?

చిన్న లెక్క వేద్దాం. ఫెర్మీల్యాబ్ న్యూట్రినో కిరణంలో ఒక్కో విడతకు దాదాపు 50 లక్షల కోట్ల ప్రోటాన్లు వెళ్తాయి. ఒక్కో ప్రోటాన్ శక్తి 120 జీఈవీ. మొత్తం గుణిస్తే దాదాపు పది లక్షల జౌళ్లు. టన్ను బరువున్న కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వస్తే దానికుండే శక్తి అంత. ఆ కారంతా కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న చోట, సెకనులో లక్షో వంతు సమయంలో, గ్రాఫైట్‌ను గుద్దినట్టు. ఒకసారి కాదు, సుమారు సెకనుకో దెబ్బ. రాత్రీ పగలూ, నెలల తరబడి.

అదృష్టం కొద్దీ ఆ శక్తిలో కొద్ది శాతమే టార్గెట్‌లో వేడిగా మిగులుతుంది. మిగతాది కణాలతో పాటు ముందుకు పోతుంది. ఆ కొద్దిపాటికే కిరణం తగిలిన చోట వేడి ఒక్కసారిగా వందల డిగ్రీలు ఎగబాకుతుంది. దీంతో రెండు రకాల దెబ్బలు తగులుతాయి.

మొదటిది థర్మల్ షాక్. చల్లని గాజు గ్లాసులో మరిగే నీళ్లు పోస్తే ఠప్పున పగులుతుంది కదా, అదే. మధ్యలో భాగం వేడెక్కి ఉబ్బాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లటి భాగం జరగదు. ఆ తోపులాటలో పుట్టిన ఒత్తిడి అలల్లా ముక్కంతా పాకుతుంది. సెకనుకోసారి ఇలా జరుగుతూ ఉంటే, ఇనుప తీగను అటూ ఇటూ వంచీ వంచీ విరిచినట్టు మెటీరియల్ అలసిపోతుంది.

రెండోది రేడియేషన్ దెబ్బ. ఇది కంటికి కనిపించదు. ఘనపదార్థంలో పరమాణువులన్నీ వరసలు కట్టి కూర్చుని ఉంటాయి. దూసుకొచ్చిన ప్రోటాన్ ఒకదాన్ని దాని చోటు నుంచి తన్నేస్తుంది. ఆ పరమాణువు పోయి వేరే వాటి మధ్య ఇరుక్కుంటుంది. దాని చోటు ఖాళీగా మిగిలిపోతుంది. కోట్లాదిసార్లు ఇలా జరిగితే వరసలన్నీ చెదిరిపోతాయి. అదీ చాలదన్నట్టు, ఢీకొన్న పరమాణువుల నుంచి హైడ్రోజన్, హీలియం వాయువులు పుట్టి లోపలే బుడగలు కడతాయి. మెటీరియల్ ఉబ్బుతుంది, పెళుసుబారుతుంది, వేడిని బయటికి పంపే గుణం తగ్గుతుంది. అంటే మొదటి దెబ్బను తట్టుకునే శక్తిని రెండో దెబ్బ లోపలి నుంచి తినేస్తుంది.

ఇది ఊహ కాదు, జరిగిందే

ఫెర్మీల్యాబ్‌లో మైనోస్ అనే ప్రయోగం కోసం 2006లో పెట్టిన ఒక గ్రాఫైట్ టార్గెట్‌ను 2009 దాకా వాడారు. పోనుపోనూ దాన్నుంచి వచ్చే న్యూట్రినోలు తగ్గుతూ వచ్చాయి. చివరికి పది శాతానికి పైగా పడిపోయాయి. రేడియేషన్‌కు గ్రాఫైట్ దెబ్బతినడమే కారణమై ఉంటుందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తర్వాత పెట్టిన కొన్ని టార్గెట్లను కూలింగ్ నీళ్ల లీకుల వల్ల త్వరత్వరగా మార్చాల్సి వచ్చింది.

అమెరికాలోనే ఓక్ రిడ్జ్‌లో న్యూట్రాన్ల కోసం ఇంకో యాక్సిలరేటర్ ఉంది. అక్కడ టార్గెట్ పాదరసం. ద్రవం కాబట్టి పగలదు కదా అనుకుంటాం. కానీ దెబ్బ తగిలినప్పుడల్లా పాదరసంలో బుడగలు పుట్టి పేలి, దాన్ని పట్టి ఉంచే స్టీలు పాత్ర లోపలి గోడను తొలిచేశాయి. అక్కడ కూడా యంత్రం ఇవ్వగలిగిన పవర్ ఉన్నా, టార్గెట్‌ను కాపాడుకోవడానికి తగ్గించి నడపాల్సిన రోజులొచ్చాయి.

మా భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. వేల మంది ఇంజినీర్లు కట్టిన సర్వర్లన్నీ బాగున్నా, ఒక్క డేటాబేస్ పడిపోతే యాప్ మొత్తం డౌన్. కాకపోతే మేం రీస్టార్ట్ కొట్టొచ్చు. ఇక్కడ కుదరదు. వాడిన టార్గెట్ దగ్గరికి మనిషి పోలేడు. అంత రేడియేషన్ ఉంటుంది. మందపాటి గోడల వెనక నుంచి, రిమోట్ యంత్రాలతో తీసి మార్చాలి. అన్నాళ్లూ ప్రయోగం ఆగినట్టే.

ముందున్నది ఇంకా పెద్ద పరీక్ష. ఫెర్మీల్యాబ్ కిరణం 2024లో ఒక మెగావాట్ దాటింది. ఇప్పుడు డ్యూన్ అనే కొత్త ప్రయోగం కడుతున్నారు. షికాగో పక్క నుంచి 1,300 కిలోమీటర్ల దూరంలో, సౌత్ డకోటాలోని పాత హోమ్‌స్టేక్ బంగారు గనిలో, దాదాపు కిలోమీటరున్నర లోతులో డిటెక్టర్లు ఉంటాయి. మొదట 1.2 మెగావాట్లు, తర్వాత 2.4 మెగావాట్ల దాకా కిరణం బలం పెంచాలన్నది ప్లాన్. సృష్టి మొదట్లో పదార్థం, దాని వ్యతిరేక పదార్థం సమానంగా పుట్టి ఉంటే రెండూ ఒకదాన్నొకటి మింగేసుకోవాలి. మరి మనం ఎలా మిగిలాం? ఈ ప్రశ్నకు న్యూట్రినోల్లో క్లూ దొరుకుతుందేమోనని చూస్తున్నారు. అంత పెద్ద ప్రశ్న చివరికి ఈ టార్గెట్ ఎన్నాళ్లు నిలుస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంది.

గట్టిగా చేయడం మానేసి..

పగులుతోందంటే మనకు వెంటనే వచ్చే ఆలోచన, ఇంకా గట్టి మెటీరియల్ వెతకడం. ఫెర్మీల్యాబ్‌లో టార్గెట్ల మీద పనిచేసే భారతీయ శాస్త్రవేత్త సుజిత్ బిధర్, ఆయన బృందం వేరే దారిలో పోయారు. ఒత్తిడి పుడుతున్నది ముక్క అంతా ఒకటే గడ్డలా ఉండటం వల్ల. మరి గడ్డే లేకుండా చేస్తే?

వెంట్రుక కంటే వందల రెట్లు సన్నగా ఉండే సిరామిక్ పోగులను తీసి, వాటిని దూది పరుపులా పరిచారు. ఒక్కో పోగు కిరణం తగిలినప్పుడు వేడెక్కుతుంది, ఉబ్బుతుంది. ఉబ్బనీ. చుట్టూ ఖాళీయే కాబట్టి అడ్డుకునేవాళ్లు లేరు. ఒక పోగులో పుట్టిన ఒత్తిడి అల పక్క పోగుకు పాకే దారి కూడా దాదాపు ఉండదు. మోనోలిత్ యాప్‌ను మైక్రోసర్వీసులుగా విడగొట్టడం లాంటిది ఇది. ఒకటి కిందా మీదా అయినా మిగతావి నడుస్తుంటాయి. పైగా పోగుల మధ్య నుంచి హీలియం లాంటి వాయువును పంపితే, వేడిని లోపలి నుంచే మోసుకుపోతుంది. గడ్డ ముక్కకైతే పైన మాత్రమే గాలి తగులుతుంది.

రేడియేషన్ దెబ్బకు కూడా ఇందులో ఒక విరుగుడుంది. ఈ పోగుల లోపల స్ఫటికాలు నానోమీటర్ల సైజులో, చాలా చిన్నవిగా ఉంటాయి. మన ఆర్టీసీ బస్సును ఊహించుకోండి. ఒకాయన్ని సీట్లోంచి తోసేశారు. ఆయన నడిమధ్య నిలబడి అందరికీ ఇబ్బంది. బస్సుకు ఒకటే డోరుంటే ఆయన అక్కడే ఇరుక్కుపోతాడు. ప్రతి రెండు సీట్లకు ఒక డోరుంటే? వెంటనే సర్దుకుంటాడు. స్ఫటికాల మధ్య సరిహద్దులే ఆ డోర్లు. చోటు తప్పిన పరమాణువులూ, ఖాళీలూ అక్కడికి చేరి మాయమవుతాయి. స్ఫటికం ఎంత చిన్నదైతే సరిహద్దు అంత దగ్గర.

పీచు మిఠాయి మెషీన్‌కు హైవోల్టేజీ అన్న!

ఈ పోగులు తీసే పద్ధతిని ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు. జాతరలో పీచు మిఠాయి చేసేవాణ్ని చూశారుగా. చక్కెర పాకం గిర్రున తిరిగి సన్నటి పోగులై గిన్నె చుట్టూ పేరుకుంటుంది. ఇక్కడ తిప్పే పనిని కరెంటు చేస్తుంది.

ముందు జిర్కోనియం లవణాన్ని ఒక పాలిమర్ జిగురులో కలుపుతారు. దాన్ని సిరంజిలో పోసి సూది గుండా నెమ్మదిగా తోస్తారు. సూదికీ, ఎదురుగా ఉన్న లోహపు పలకకూ మధ్య వేల వోల్టుల విద్యుత్ పెడతారు. సూది కొసన చుక్క మొదట గుండ్రంగా ఉంటుంది. విద్యుత్ లాగుతుంటే శంఖం మొనలా సాగి, ఆ మొన నుంచి ఒక సన్నటి ధార చిమ్ముతుంది. ఆ ధార కొరడాలా మెలికలు తిరుగుతూ, మరింత సన్నబడుతూ, తడి ఆరిపోతూ వెళ్లి పలక మీద పోగులుగా పడుతుంది. తర్వాత దాన్ని కొలిమిలో కాలుస్తారు. జిగురు కాలిపోతుంది. సిరామిక్ పోగు మిగులుతుంది.

వరంగల్ వాళ్లకు పోగు తీయడం కొత్త విద్యేం కాదు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లు ఈ ఊరికి దశాబ్దాల పాటు అన్నం పెట్టింది. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి సీజన్‌లో వెళ్తే ఇప్పటికీ ఎటు చూసినా తెల్లటి గుట్టలే. పత్తిలో పోగును చెట్టు చేసి ఇస్తుంది, మనం వడుకుతాం. ఇక్కడ పోగును కూడా మనమే పుట్టించాలి. అంతే తేడా.

బిధర్ బృందం ఎంచుకున్న మెటీరియల్ జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడ్. మీ ఇంట్లో ఎవరికైనా పంటికి తెల్లటి క్యాప్ వేయించి ఉంటే, అది ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. జెట్ ఇంజిన్ రెక్కలకు వేడి తగలకుండా పూసే పూత కూడా ఇదే. ఒట్టి జిర్కోనియాతో ఓ చిక్కుంది. బాగా వేడెక్కి చల్లబడేటప్పుడు దాని స్ఫటికం ఆకారం మారుతుంది, సైజు మారుతుంది, పగుళ్లిస్తుంది. అందులో కొద్దిగా యిట్రియం ఆక్సైడ్ కలిపితే ఆ బుద్ధి మానుకుంటుంది. అందుకే ఈ దూదిలోనూ యిట్రియా కలిపారు.

సెర్న్‌లో అసలు పరీక్ష

ఐడియా బాగుంది సరే, నిజంగా నిలుస్తుందా? 2018లో ఈ జిర్కోనియా దూది ముక్కలను యూరప్‌లోని సెర్న్‌కు పంపారు. అక్కడ హైరాడ్‌మ్యాట్ అనే కేంద్రం ఉంది. దాని పనే మెటీరియళ్లను కొట్టి చూడటం. 440 జీఈవీ శక్తి ఉన్న ప్రోటాన్ల గుంపును ఒక్కసారిగా వదులుతారు.

పరీక్షకు పెట్టినవాటిలో కొన్ని వదులుగా, కొన్ని దట్టంగా అల్లినవి ఉన్నాయి. మనమైతే దట్టంగా ఉన్నదే గెలుస్తుందని పందెం కాస్తాం. జరిగింది తిరగబడింది. వదులుగా ఉన్న దూది నిలిచింది. దట్టంగా ఉన్నదానికి చిల్లు పడింది.

ఎందుకిలా? దెబ్బ తగిలినప్పుడు పోగుల మధ్య గాలి కూడా ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచిస్తుంది. వదులుగా ఉంటే ఆ గాలి సందుల్లోంచి జారుకుంటుంది. దట్టంగా ఉంటే పోవడానికి దారి లేక పోగులను చీల్చుకుని పోతుంది. తర్వాత చేసిన కంప్యూటర్ సిమ్యులేషన్లు చూపించింది ఇదే. ప్రెషర్ కుక్కర్‌కు విజిల్ ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా ఉంటుంది కదా. ఈ ఫలితాలు 2021లో యాక్సిలరేటర్ ఫిజిక్స్ జర్నల్‌లో వచ్చాయి.

నాకు ఈ కథలో బాగా నచ్చింది ఆ చిల్లే. పాసైన ముక్క కంటే ఫెయిలైన ముక్కే ఎక్కువ నేర్పింది. ఎంత వదులుగా అల్లాలి అన్న లెక్క మొదలైంది అక్కడి నుంచే.

ఇంకా దాటాల్సినవి

అలాగని రేపటి నుంచి గ్రాఫైట్ తీసేసి దూది పెడతారనుకోకండి. డ్యూన్ మొదటి దశ టార్గెట్ కూడా హీలియంతో చల్లబరిచే గ్రాఫైటే. దూదికి కొన్ని చిక్కులున్నాయి.

ఒకటి, అందులో ఎక్కువ భాగం ఖాళీ. ప్రోటాన్ గుద్దుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఖాళీ ఎక్కువైతే గుద్దుకోకుండానే దాటిపోయే ప్రోటాన్లు పెరుగుతాయి, న్యూట్రినోలు తగ్గుతాయి. దట్టం చేస్తే చిల్లు పడుతుంది. నిలబడాలా, ఫలితం రావాలా అన్న ఈ బేరం ఇంకా తెగలేదు.

రెండు, సిరామిక్ పోగులు పెళుసు. కిరణం తట్టుకున్నా, గంటలకొద్దీ వాయువు ఊదుతూ ఉంటే కదలకుండా, చెదరకుండా ఉండాలి.

మూడు, ఒక్క దెబ్బకు నిలవడం వేరు, ఏళ్ల తరబడి కోట్ల దెబ్బలకు నిలవడం వేరు. మేం కూడా డెమో రోజున నడిచిన కోడ్ చూసి సంబరపడి, దీపావళి సేల్ రోజున తల పట్టుకున్నవాళ్లమే. ఆ తేడా బాగా తెలుసు.

ఇందులో కోడ్ రాసేవాళ్లకూ పనుంది. లక్షల పోగుల మధ్య నుంచి గాలి ఎలా పోతుంది, ఏ పోగు ఎంత వేడెక్కుతుంది అన్నది కంప్యూటర్‌లోనే ముందు చూడాలి. ప్రతి ఐడియానూ సెర్న్‌కు పంపి కొట్టించలేరు కదా.

మనకేంటి సంబంధం?

మా తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న ఇదే. "గదంతా అమెరికాల కదన్నా. మనకేంది?"

మొదట, న్యూట్రినోలకూ మన పక్క గనులకూ పాత పరిచయం ఉంది. చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే కోలార్ బంగారు గనుల్లో, తెలుగు, తమిళ కార్మికులు తవ్విన సొరంగాల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ప్రపంచంలో మొదటిసారి పట్టుకున్నవాళ్లలో ఆ బృందం ఒకటి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని అది. అదే దశకంలో హోమ్‌స్టేక్ గనిలో రే డేవిస్ సూర్యుడి న్యూట్రినోల కోసం కాపు కాశాడు. ఆయనకు 2002లో నోబెల్ వచ్చింది. ఒక గనిలో ఇప్పుడు డ్యూన్ వస్తోంది. మన కోలార్ గని 2001లో మూతపడింది.

ఇక ఇప్పటి సంగతి. ఫెర్మీల్యాబ్ నుంచి 810 కిలోమీటర్ల దూరంలోని డిటెక్టర్‌కు న్యూట్రినోలు పంపే నోవా ప్రయోగంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్ భాగస్వాములు. న్యూట్రినో పరిశోధనల మీద 2018 ఏప్రిల్‌లో భారత్, అమెరికా ఒప్పందం కుదుర్చుకున్నాయి. డ్యూన్‌కు బలమైన కిరణం ఇవ్వడానికి ఫెర్మీల్యాబ్‌లో కడుతున్న పిప్-2 యాక్సిలరేటర్‌కు మన అణుశక్తి శాఖ సంస్థలు పరికరాలు ఇస్తున్నాయి. అందులో కొన్ని రేడియో ఫ్రీక్వెన్సీ యాంప్లిఫయర్లు భాభా అణు పరిశోధనా కేంద్రం డిజైన్‌తో హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ మీదుగా ఎన్నిసార్లు పోయి ఉంటాం!

ఆ పక్కనే న్యూక్లియర్ ఫ్యుయల్ కాంప్లెక్స్. 1971లో పెట్టారు. సముద్రపు ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి జిర్కోనియం తీసి, అణు రియాక్టర్లకు గొట్టాలు చేస్తారు. ఆ దారిలో మధ్య మజిలీ జిర్కోనియం ఆక్సైడే. అంటే ఆ దూదికి ముడిసరుకు లాంటి పదార్థం మన దగ్గర దశాబ్దాలుగా తయారవుతోంది. బాలాపూర్‌లో సిరామిక్స్, పూతలు, నానో మెటీరియల్స్ మీద పరిశోధించే ఏఆర్‌సీఐ ఉంది. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన మన ఎన్‌ఐటీలో మెటలర్జీ, మెటీరియల్స్ విభాగం ఉంది. ముక్కలన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. కలపాల్సినవాళ్లు కావాలి.

ఇంకో మాట. టార్గెట్ అంటే న్యూట్రినోలకే కాదు. హైదరాబాద్‌లో క్యాన్సర్ పేషెంట్లకు తీసే పెట్ స్కాన్‌కు ముందు ఎక్కించే మందులో ఫ్లోరిన్-18 ఉంటుంది. దాన్ని సైక్లోట్రాన్ అనే చిన్న యాక్సిలరేటర్‌లో, ప్రత్యేకమైన నీటి టార్గెట్‌ను ప్రోటాన్లతో కొట్టి తీస్తారు. 110 నిమిషాలకు సగం కరిగిపోతుంది కాబట్టి దూరం నుంచి తెప్పించుకోలేం, దగ్గర్లోనే చేసుకోవాలి. అక్కడ కూడా టార్గెట్ సరిగ్గా లేకపోతే ఆ రోజు స్కాన్లు ఆగిపోతాయి. ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో తీసిన పోగులు గాలి ఫిల్టర్లలో, గాయాల పట్టీల్లో ఇప్పటికే వాడుతున్నారు. బ్యాటరీల్లో వాడటానికి ప్రయత్నాలు సాగుతున్నాయి. ఒక సిరంజి పంపు, ఒక హైవోల్టేజీ సప్లయ్, ఒక పలక. యాక్సిలరేటర్‌లా వేల కోట్లు అక్కర్లేదు. కాలేజీ ల్యాబ్‌లో పెట్టుకోగలిగిన సెటప్ ఇది.

చివరికి ఏమైందంటే

వాడికి నేను మెటలర్జీయే తీసుకో అని చెప్పలేదు. చెప్పే హక్కు నాకు లేదు. కంప్యూటర్స్ చదివి, నెల తిరిగేసరికి జీతం తీసుకుంటున్నవాణ్ని నేను. మెటీరియల్స్ బ్రాంచ్‌లో క్యాంపస్ ప్యాకేజీలు మాలాగే ఉంటాయని అబద్ధం చెప్పలేను. మంచి స్థాయికి చేరాలంటే ఎంటెక్, పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాల్సి రావచ్చని కూడా చెప్పాను.

ఒక్కటే అన్నాను. "ఇనుము కరగబెట్టుడేనా అని అడిగినవు కదా. ఎనిమిది వందల ఏళ్ల కింద ఇటుకలో ఎంత ఖాళీ ఉండాలో ఎవడో లెక్కేసిండు. ఇప్పుడు టార్గెట్‌లో ఎంత ఖాళీ ఉండాలో లెక్కేసేవాళ్ల కోసం చూస్తున్నరు. ఆ పని బోర్ కొడుతుందో లేదో నువ్వే ఆలోచించుకో."

వాడు ఆ రాత్రి ఆప్షన్లలో మెటలర్జీని మొదట పెట్టాడు. సీటు వచ్చింది. మొదటి నెలలోనే ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూసిన లోహపు స్ఫటికాల ఫొటో పంపాడు, కింద ఒక లైన్: "అన్నా, బస్సు డోర్లు కనవడ్డయి."

మా చిన్నమ్మకు మాత్రం నా మీద కోపం ఇంకా పోలేదు. ఎప్పుడు కనబడ్డా ఒకటే మాట: "నాలుగేళ్లయినంక వీనికి నౌకరి రాకుంటే నీ ఇంటికే పంపుత బిడ్డా, నువ్వే సాదాలె."